ఇంజిన్ చల్లగా ఉండాలని తక్కువ టెంపరేచర్ థర్మోస్టాట్ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఓబీడీ డాంగుల్ కొన్నవాళ్లలో చాలామందికి మొదటి వారంలోనే ఒక భయం పట్టుకుంటుంది. అప్పటిదాకా డ్యాష్‌బోర్డ్ మీద టెంపరేచర్ ముల్లు మధ్యలో కదలకుండా ఉండేది, మనమూ దాన్ని పట్టించుకునేవాళ్లం కాదు. ఇప్పుడు ఫోన్ స్క్రీన్ మీద 93, 96, 99 అని అంకెలు కనిపిస్తుంటాయి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని చిన్నప్పుడే చదువుకున్నాం కదా, గుండె గుభేల్‌మంటుంది. మెకానిక్‌ని అడిగితే "థర్మోస్టాట్ తీసి పడేద్దాం సార్, బండి చల్లగా ఉంటుంది" అంటాడు. అది ఇష్టం లేక ఆన్‌లైన్‌లో వెతికితే అదే సైజులో 82 డిగ్రీలది, 76 డిగ్రీలది దొరుకుతాయి. మన కార్లో ఉన్నది 88. తక్కువైతే మంచిదే కదా అని ఆర్డర్ పెట్టేస్తాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కంపెనీ ఇచ్చినది ఇచ్చినట్టే ఉన్న, రోజూ ఆఫీసుకో ఊరికో తిరిగే కారుకు తక్కువ టెంపరేచర్ థర్మోస్టాట్ వద్దు. చెడ్డ పార్ట్ అని కాదు. మనం దేనికోసం కొంటున్నామో ఆ పని అది చేయలేదు. అవసరం లేని చోట ఇంజిన్‌ని చల్లబరుస్తుంది, అవసరమైన చోట చేతులెత్తేస్తుంది. పైగా అసలు జబ్బేమైనా ఉంటే దాన్ని కొన్నాళ్లు కప్పి పెడుతుంది. ఈ మూడోదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

థర్మోస్టాట్ చేసేది ఏంటి?

చాలామంది దీన్ని ఏసీ రిమోట్ లాగా ఊహించుకుంటారు. 24 పెడితే 24, 20 పెడితే 20 అన్నట్టు. అది కాదు. థర్మోస్టాట్‌లో ఒక చిన్న లోహపు గుళిక ఉంటుంది, దాని నిండా మైనం. కూలెంట్ వేడెక్కితే మైనం కరిగి ఉబ్బుతుంది, ఉబ్బి ఒక పిన్నును తోస్తుంది, స్ప్రింగ్ వెనక్కి జరిగి వాల్వ్ తెరుచుకుంటుంది. అప్పుడే కూలెంట్ రేడియేటర్‌లోకి వెళ్తుంది. చల్లబడితే మైనం గట్టిపడి వాల్వ్ మూసుకుంటుంది. కరెంటు లేదు, చిప్ లేదు. దాని మీద 88 అని ముద్ర ఉందంటే 88 దగ్గర తెరుచుకోవడం మొదలవుతుందని అర్థం. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో 10 నుంచి 15 డిగ్రీలు పడుతుంది.

అంటే ఆ అంకె ఇంజిన్ "ఇంతకంటే చల్లబడకూడదు" అని చెప్పే కింది గీత. "ఇంతకంటే వేడెక్కకూడదు" అనే పై గీత కాదు. గదిలో ఉక్కపోస్తే కిటికీ తెరుస్తాం. రెక్కలు బార్లా తెరిచేశాక కూడా ఉక్కపోస్తుంటే ఇంకేం తెరుస్తాం? ఫ్యాన్ వేయాలి, లేదా బయట గాలి రావాలి. కిటికీని పది నిమిషాలు ముందుగా తెరిచినంత మాత్రాన మధ్యాహ్నం ఉక్క తగ్గదు. 82 డిగ్రీల థర్మోస్టాట్ అంటే ముందుగా తెరిచిన కిటికీ. అంతే.

హైవే మీద ఒక లెక్క, ట్రాఫిక్‌లో ఇంకో లెక్క

నేను వాడే పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో విజయవాడ హైవే మీద ఫోర్త్, ఫిఫ్త్ గేర్లలో 80 స్పీడ్‌తో వెళ్తుంటే యాప్‌లో 88, 90, 91 మధ్య ఉంటుంది. అదే కారు ఎల్బీనగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే 96కి, 98కి పోతుంది. ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది, 93కి దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. కారు బాగున్నప్పుడు కనిపించే నడక ఇదే. ఈ రెండు చోట్లా టెంపరేచర్‌ని నిర్ణయించేది ఒకటే వస్తువు కాదు.

హైవే మీద గాలి ఎదురొచ్చి రేడియేటర్‌ని బాగా చల్లబరుస్తుంది. అక్కడ రేడియేటర్‌కి శక్తి మిగులుగా ఉంటుంది కాబట్టి థర్మోస్టాట్ సగం మూసి, సగం తెరిచి తన గీత దగ్గర ఇంజిన్‌ని పట్టి ఉంచుతుంది. 82 డిగ్రీలది వేస్తే ఇక్కడ నిజంగానే ఐదారు డిగ్రీలు తగ్గుతుంది. కానీ ఇక్కడ మనకి ఇబ్బందే లేదు కదా!

ట్రాఫిక్‌లో గాలి రాదు. ఉన్న గాలల్లా ఫ్యాన్ లాగేదే. ఆ ఫ్యాన్‌ని ఎప్పుడు వేయాలో చెప్పేది ఈసీయూ, లేదా పాత కార్లలో ఒక ఫ్యాన్ స్విచ్. చాలా కార్లలో అది 95 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. మీరు 82 వేసినా, 76 వేసినా, ఏసీ ఆపి సిగ్నల్ దగ్గర నిలబడితే ఫ్యాన్ ఆన్ అయ్యే అంకె దాకా టెంపరేచర్ ఎక్కుతుంది, అక్కడే ఊగుతుంది. ఏసీ వేసి ఉంటే ఫ్యాన్ ముందే తిరుగుతుంది, అప్పుడు టెంపరేచర్ ఆ ఫ్యాన్ లాగే గాలిని బట్టే ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ థర్మోస్టాట్ ప్రమేయం దాదాపు లేదు. భయపెట్టిన 98 కొత్త పార్ట్ వేశాక కూడా అలాగే వస్తుంది.

ఎండ 45 ఉన్నప్పుడు

"మాది రామగుండం, మా ఎండలకి కంపెనీ లెక్కలు పనిచేయవు" అనేవాళ్లు ఉంటారు. న్యాయమైన మాటే. కానీ ఎండ లెక్క కూడా తక్కువ థర్మోస్టాట్‌కి వ్యతిరేకంగానే వస్తుంది.

రేడియేటర్ బయటికి పంపే వేడి, కూలెంట్‌కీ బయటి గాలికీ మధ్య ఉన్న తేడాని బట్టి ఉంటుంది. గాలి 45, కూలెంట్ 95 అయితే తేడా 50. కూలెంట్‌ని 80 దగ్గరే ఉంచుదాం అనుకుంటే తేడా 35కి పడిపోతుంది. అంటే అదే రేడియేటర్, అదే ఫ్యాన్, కానీ పంపగలిగే వేడి 30 శాతం తక్కువ. ఇంజిన్ పుట్టించే వేడి మాత్రం తగ్గదు. ఫలితం ఏంటి? కూలెంట్ 80 దగ్గర ఆగకుండా, రేడియేటర్ తట్టుకోగలిగే చోటి దాకా ఎక్కుతుంది. మే నెల మధ్యాహ్నం, నిండుగా మనుషులు, ఏసీ ఫుల్, శ్రీశైలం ఘాట్ రోడ్. అప్పటికి 88 డిగ్రీల థర్మోస్టాట్ అయినా, 76 డిగ్రీలదైనా బార్లా తెరుచుకునే ఉంటాయి. రెండింటికీ తేడా లేదు.

"పది డిగ్రీలు కింద మొదలుపెడితే అంత మార్జిన్ ఉంటుంది కదా" అనే వాదన ఒకటి ఉంది. ఉంటుంది, కాదనను. కానీ ఎంతసేపు? ఐదారు లీటర్ల కూలెంట్, దాని చుట్టూ ఉన్న ఇంజిన్ లోహం పది డిగ్రీలు వేడెక్కడానికి ఘాట్ మీద కొన్ని నిమిషాలు చాలు. ఘాట్ రోడ్డు అంతకంటే పొడుగు.

మరి 100 దాటితే మరిగిపోదా?

మరగదు, కూలెంటూ మూతా సరిగ్గా ఉంటే. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది. ఆ మూత లోపల అంత ఒత్తిడి నిలబెడుతుంది. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ చేసే పనే ఇది. ఒక బార్ అదనపు ఒత్తిడి ఉంటే మామూలు నీళ్లే దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ అయితే ఇంకొంచెం పైకి తట్టుకుంటుంది.

అందుకే 98 చూసి కంగారు పడొద్దు. కంగారు పడాల్సింది మూత రబ్బరు వాషర్ ఎండిపోయి ఒత్తిడి నిలవనప్పుడు, కూలెంట్ బదులు ఏళ్లుగా బోరు నీళ్లు పోస్తున్నప్పుడు. బోరు నీళ్లలోని ఉప్పు వేడి నీళ్ల గీజర్‌లో ఎలా గట్టుకడుతుందో, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అలాగే గట్టుకడుతుంది. థర్మోస్టాట్ మీద పెట్టే డబ్బు ఒక కొత్త మూత మీద, రెండు క్యాన్ల మంచి కూలెంట్ మీద పెడితే చాలా కార్లకి ఎక్కువ మేలు.

చల్లటి ఇంజిన్ ఉచితం కాదు

"సరే, లాభం లేకపోయినా నష్టం ఏముంది?" అనుకోవచ్చు. ఉంది.

ఇంజిన్ ఆయిల్ వేడెక్కితేనే అందులో చేరిన నీటి ఆవిరి, కాలని పెట్రోల్ బయటికి పోతాయి. రోజూ నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే కారులో ఇంజిన్ అసలే సరిగ్గా వేడెక్కదు. దానికి ఇంకా చల్లటి థర్మోస్టాట్ వేస్తే ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ లాంటి పొర కనిపించడం మొదలవుతుంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఇంజిన్ దాన్ని తోసుకుంటూ తిరగాలి, మైలేజీ కొంచెం తగ్గుతుంది.

రెండోది ఈసీయూ. ఇంజిన్ ఎంతసేపట్లో ఎంత వేడెక్కాలో దానికి ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క తప్పితే చెక్ ఇంజిన్ లైట్ వేసి పీ0128 అనే కోడ్ పెడుతుంది. కూలెంట్ థర్మోస్టాట్ స్థాయికి చేరడం లేదని దాని భావం. 88 తీసి 82 వేస్తే ఈ కోడ్ రావచ్చు, రాకపోవచ్చు. 71 డిగ్రీలది వేసినా, అసలు తీసేసినా రావడానికే అవకాశం ఎక్కువ. బీఎస్6 డీజిల్ కార్లలో ఇంకో చిక్కు ఉంది. డీపీఎఫ్‌లో పేరుకున్న మసిని కాల్చేసే ప్రక్రియ మొదలవ్వాలంటే ఇంజిన్ తగినంత వేడిగా ఉండాలి. ఎప్పుడూ చల్లగా తిరిగే డీజిల్ కారులో ఆ ప్రక్రియ సరిగ్గా జరగదు. డీపీఎఫ్ మార్చాల్సి వస్తే బిల్లు ఎంతవుతుందో ఒకసారి సర్వీస్ సెంటర్‌లో అడిగి చూడండి.

ఇక పూర్తిగా తీసేయడం అయితే ఇంకా ఘోరం. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది. రేడియేటర్ దారి తెరుస్తూనే, ఇంజిన్ లోపలే తిరిగే బైపాస్ దారిని మూస్తుంది. తీసేస్తే ఆ బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత కూలెంట్ రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరిగొచ్చేస్తుంది. అంటే చల్లబడాలని తీసేసిన కారు, లోడ్ పడినప్పుడు ఇంకా ఎక్కువ వేడెక్కే ప్రమాదం ఉంది.

మరి పాత మెకానిక్‌లు చెప్పింది తప్పా?

తప్పు కాదు, ఆ కాలానికి సరైనదే. అంబాసిడర్‌లో చాలా ఏళ్లు వచ్చింది బ్రిటిష్ బీఎంసీ బీ-సిరీస్ పెట్రోల్ ఇంజిన్. ఆ ఇంజిన్ కుటుంబానికి కంపెనీయే మూడు రకాల థర్మోస్టాట్‌లు చెప్పేది. మామూలు వాతావరణానికి 82, చలి దేశాలకు 88, వేడి దేశాలకు 74. కార్బ్యురేటర్ బండికి ఈసీయూ లేదు, డీపీఎఫ్ లేదు, కోడ్‌లు లేవు. ఎండ దేశంలో 74 వేసుకోవడం కంపెనీ ఒప్పుకున్న పద్ధతే.

ఆ అనుభవంతో చేయి తిరిగిన మెకానిక్ ఈరోజు మన కారుకీ అదే చెప్తున్నాడు. ఆయన్ని వెక్కిరించాల్సిన పని లేదు. మారింది బండి. ఇప్పటి ఇంజిన్‌లో థర్మోస్టాట్, ఫ్యాన్, ఇంజెక్షన్, ఎగ్జాస్ట్ అన్నీ ఒకే లెక్క మీద కూర్చుని ఉంటాయి. ఖరీదైన కొన్ని కార్లలో అయితే థర్మోస్టాట్ లోపల చిన్న హీటర్ కూడా ఉంటుంది. నిదానంగా వెళ్తున్నప్పుడు మైలేజీ కోసం ఇంజిన్‌ని 100 పైనే ఉంచి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మైనాన్ని వేడి చేసి వాల్వ్ ముందే తెరిపిస్తాయి. మనం బయటి నుంచి చేద్దామనుకున్నది ఆ కారు తనంతట తానే, సమయం చూసి చేసుకుంటోంది.

ఎవరికి పనికొస్తుంది?

ఉన్నారు. టర్బో ఇంజిన్‌కి రీమ్యాప్ చేయించి బూస్ట్ పెంచినవాళ్లు, ట్రాక్ మీద తిప్పేవాళ్లు. సిలిండర్ గోడలు కాస్త చల్లగా ఉంటే నాకింగ్ తగ్గుతుంది, ఇగ్నిషన్ టైమింగ్ కొంచెం ముందుకు జరపొచ్చు. అమెరికాలో వీ8 కార్లు ట్యూన్ చేసేవాళ్లు 160 డిగ్రీలది వేయడం మీరు వీడియోల్లో చూసే ఉంటారు. అది ఫారెన్‌హీట్, మన లెక్కలో 71. వాళ్ల 180 మనకి 82, 195 మనకి 91. ఈ తేడా చూసుకోకుండా ఆర్డర్ పెట్టకండి.

అయితే వాళ్లు థర్మోస్టాట్ ఒక్కటే మార్చి ఊరుకోరు. ఫ్యాన్ ఆన్ అయ్యే అంకెని కూడా ట్యూన్‌లో కిందికి దించుతారు. అది చేయకపోతే ట్రాఫిక్‌లో పాత కథే అని వాళ్లకి తెలుసు. మీ చేతిలో ట్యూన్ లేదంటే ఈ పార్ట్ మీ కోసం కాదు.

ఆ డాంగుల్‌నే సరిగ్గా వాడుకోండి

తక్కువ థర్మోస్టాట్ జబ్బుని కప్పి పెడుతుందని మొదట్లో అన్నాను. ఎలాగంటే, రేడియేటర్ సగం పూడుకుపోయిన కారు హైవే మీద 88 దగ్గర ఉండాల్సింది 97 చూపిస్తుంది. అది హెచ్చరిక. 76 వేస్తే తేలికపాటి డ్రైవింగ్‌లో ఆ అంకె కొంత తగ్గొచ్చు, మనం హమ్మయ్య అనుకుంటాం. రేడియేటర్ మాత్రం ఇంకా పూడుతూనే ఉంటుంది. తర్వాత తిరుమల ఘాట్ మీదో, పెళ్లి ప్రయాణంలోనో ఒకేసారి బయటపడుతుంది. అల్యూమినియం హెడ్ వంగినా, హెడ్ గ్యాస్కెట్ పోయినా, వందల్లో అయ్యే పని వేలల్లోకి పోతుంది. కారుతోనే బతికే ట్యాక్సీ డ్రైవర్‌కి అది బిల్లుతో పాటు కొన్ని రోజుల సంపాదన కూడా.

అందుకే పార్ట్ కొనేముందు యాప్‌తో జబ్బు ఎక్కడుందో చూడండి. టార్క్, కార్ స్కానర్ లాంటి ఏ యాప్ అయినా పర్వాలేదు. చవక డాంగుల్ అయినా పర్వాలేదు, ఎందుకంటే అంకె వచ్చేది మీ కారు సెన్సార్ నుంచే, డాంగుల్ దాన్ని మోసుకొస్తుంది అంతే. చవకవి మహా అయితే నిదానంగా అప్‌డేట్ అవుతాయి. తెల్లారి స్టార్ట్ చేసినప్పటి నుంచి గ్రాఫ్ పెట్టి ఇవి గమనించండి:

- హైవే మీద బాగుండి, ట్రాఫిక్‌లో 105 దాటుతోందా? ఫ్యాన్, దాని రిలే, ఫ్యూజ్ చూడండి.
- ట్రాఫిక్‌లో బాగుండి, స్పీడ్ పెరిగిన కొద్దీ ఎక్కుతోందా? రేడియేటర్ పూడిక, వాటర్ పంప్ మీద అనుమానం పెట్టుకోండి.
- హైవే మీద 75 కూడా దాటడం లేదా? థర్మోస్టాట్ తెరుచుకునే ఇరుక్కుపోయింది.
- స్టార్ట్ చేసిన కాసేపటికే సర్రున ఎక్కిపోయి, రేడియేటర్ మాత్రం చల్లగానే ఉందా? థర్మోస్టాట్ మూసుకునే ఇరుక్కుపోయింది. బండి నడపకండి.
- అంకెలు బాగానే ఉన్నా ట్యాంకులో కూలెంట్ వారం వారం తగ్గుతోందా? లీకేజీ వెతికించండి.

ఒక చిన్న మాట. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కూలెంట్ లోపలికి వచ్చే వైపు ఉంటుంది, సెన్సార్ బయటికి పోయే వైపు. అలాంటి కార్లలో 82 అని రాసి ఉన్నా యాప్‌లో 90 పైన కనిపించడం మామూలే. కాబట్టి పక్కింటివాళ్ల కారుతో పోల్చుకోకండి. మీ కారు బాగున్న రోజున ఎంత ఉందో రాసి పెట్టుకుని, దాంతోనే పోల్చండి.

థర్మోస్టాట్ పోయిందని తేలితే మార్చండి, తప్పకుండా మార్చండి. పాతదాని మీద ఉన్న అంకే కొత్తదాని మీదా ఉండాలి. అనుమానం ఉంటే బిగించే ముందు ఒక పాత గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటర్‌తో పాటు అందులో వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి. ముద్ర ఉన్న అంకె దగ్గర వాల్వ్ కదలాలి. బిగించేటప్పుడు గాలి పోయే చిన్న పిన్ను ఉంటే అది మాన్యువల్‌లో చెప్పిన వైపే, మామూలుగా పైకి ఉండేలా చూడమనండి.

చివరి మాట

ఈ వేసవికి మీ దగ్గర ఉన్న డబ్బుకి నా వరస ఇది: ముందు కూలెంట్, తర్వాత మూత, తర్వాత ఫ్యాన్ చెకింగ్, తర్వాత రేడియేటర్ క్లీనింగ్. ఈ నాలుగూ బాగుంటే 88 డిగ్రీల థర్మోస్టాట్‌తోనే కారు ఎండాకాలం దాటేస్తుంది. ఈ నాలుగిట్లో ఒకటి బాగాలేకపోతే 76 డిగ్రీలది కాపాడదు.

ఘాట్ మీద యాప్‌లో 105 దాటి ఇంకా ఎక్కుతుంటే ఏసీ ఆపండి, హీటర్ ఫుల్ పెట్టండి, గేర్ తగ్గించి నిదానంగా వెళ్లండి. అయినా తగ్గకపోయినా, ఎర్ర లైటు వెలిగినా పక్కకి ఆపేయండి. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత మీద చేయి వేయొద్దు.